వక్కపొడి మానేశాక కూడా నోరు ఎందుకు తెరుచుకోదు?

వక్కపొడి మానేసి నెలలు గడిచినా కారం తగిలితే నోరు మండుతోంది, నోరు పూర్తిగా తెరుచుకోవట్లేదు, ఎందుకని అడిగారు. మా అన్నయ్యదీ ఇదే బాధ. లారీ తోలేటప్పుడు నిద్ర రాకుండా వక్కపొడి బుగ్గన పెట్టుకునేవాడు. ముందు ఆవకాయ తినలేకపోయాడు, తర్వాత పానీపూరీ నోట్లో పట్టడం మానేసింది. డెంటల్ డాక్టరమ్మ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమంటే రెండే పట్టాయి, అవీ కష్టం మీద. బుగ్గ లోపల తెల్లగా పాలిపోయింది, తడిమితే నులకతాళ్లలా గట్టి పట్టీలు. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అన్నారు, అంటే నోటి లోపలి పొర కింద పీచులా గట్టిపడే జబ్బు.

మామూలుగా బుగ్గ కొరుక్కుంటే వాపు వస్తుంది, ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ తయారుచేసి గాయం పూడుస్తాయి, పని అయ్యాక ఆగిపోతాయి. వక్క రోజంతా ఒరుసుకుంటూ ఉంటే వాపు ఆరదు. టీజీఎఫ్-బీటా అనే సంకేతం అందుతూనే ఉంటుంది, దాంతో ఆ కణాల తీరే మారిపోయి కొల్లాజెన్ పోగుచేస్తూ పోతాయి. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం ఆ కణాల్ని ఇంకా ఎగదోస్తుంది. వక్కలో రాగి కూడా ఎక్కువే, అది కొల్లాజెన్ పోగుల్ని ఒకదానికొకటి బిగించే ఎంజైముకు ఊతం. అలా బిగిసిన దాన్ని శరీరం సులువుగా కరిగించుకోలేదు. పైపొర పలచబడుతుంది, అందుకే చిటికెడు కారానికే మంట. మానేస్తే ముదరడం నెమ్మదిస్తుంది గానీ, గట్టిపడిన చోటు దానంతటది మెత్తబడదు. అంతమాత్రాన మానేసి లాభం లేదనుకోకండి, మళ్లీ మొదలుపెడితే ఉన్న కాస్తా బిగుసుకుపోతుంది.

పొగాకు కలవలేదు కదా అని ధీమాగా ఉండొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన నివేదికలో, ఒట్టి వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేల్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ రాదు, కొందరికి వస్తుంది. ఆ కొందరిలో మనం ఉంటామో లేదో ముందే తెలియదు కాబట్టి నోరు చూపించుకుంటూనే ఉండాలి.

అన్నయ్యకు బుగ్గలో వాపు తగ్గించే స్టెరాయిడ్, గట్టిపడిన చోటును వదులుచేసే హైలురోనిడేజ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంట్లో ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి, అలవాటయ్యే కొద్దీ ఒక్కో పుల్ల పెంచేవాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా వదల్లేదు. ఇప్పుడు ముద్ద బాగానే పడుతోంది, కారం మాత్రం ఇంకా తగ్గించే తింటున్నాడు.

మీరు ఈ వారమే దగ్గర్లోని డెంటల్ కాలేజీకి వెళ్లండి. నోట్లో రెండు వారాలకూ మానని పుండు, ఎర్రటి మచ్చ, గడ్డ ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమా అని అడగండి.