పాత కారు కడుపులోంచి స్పోర్ట్స్ కారు వస్తుందా?

ప్రశ్న: మేం ఇంగ్లండులో, కోవెంట్రీలో ఉంటాం. మావారు ఈమధ్య ఒక పాత మాజ్డా ఎంఎక్స్-5 కొనుక్కొచ్చారు. తలుపుల కింద అంతా తుప్పే, ఎంఓటీ (ఇక్కడ ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష) కూడా ఫెయిలైంది. దాన్ని పూర్తిగా విప్పేసి, ఇనప గొట్టాలతో చాసిస్ వెల్డింగ్ చేసి, లోటస్ సెవెన్ అనే పాతకాలపు తేలికపాటి స్పోర్ట్స్ కారు లాంటిది కడతానంటున్నారు. ఆయన చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇది అయ్యే పనేనా? అయినా రోడ్డెక్కనిస్తారా? నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, కోవెంట్రీ

జవాబు: అయ్యే పనేనమ్మా. మీరున్న దేశంలో అదేం వింత కూడా కాదు. 1957లో లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ తెచ్చినప్పుడే చాలామంది దాన్ని విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకున్నారు. అలా కొంటే కొనుగోలు పన్ను తప్పేది మరి. 1973లో ఆ మోడల్ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీకి వెళ్లాయి. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ సామాను వాడి 250 పౌండ్లకే ఇలాంటి బండి కట్టుకోవచ్చంటూ గొట్టాల కొలతలతో సహా పుస్తకం రాశాడు. అప్పట్నుంచి ఈ రకం బళ్లకి లోకాస్ట్ అన్న పేరు స్థిరపడింది. ఆ 250 మాట మీవారు గానీ మీకు చెబితే నవ్వి ఊరుకోండి. ఆ పాత ఎస్కార్టుల ధరలు ఇప్పుడు ర్యాలీ పిచ్చివాళ్ల పుణ్యమా అని ఎక్కడికో పోయాయి.

అందుకే జనం ఎంఎక్స్-5 మీద పడ్డారు. మీవారి ఎంపిక మంచిదే. ఇంజన్ ముందు, బండి పొడవునా ఉంటుంది, వెనక చక్రాల్ని తిప్పుతుంది. సెవెన్‌కి కావలసిందీ అదే. పైగా ఆ కారుకి తుప్పు పట్టేది బాడీకి. ఇంజన్, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ రాయిలా ఉంటాయి. పారేసేది ఎటూ బాడీనే కదా! తొలి 1.6 లీటర్ల ఇంజన్ సుమారు 115 హార్స్‌పవర్ ఇస్తుంది. కంపెనీ కారు బరువు టన్నుకి కాస్త తక్కువ. అదే ఇంజన్‌ని 600 కిలోల బండిలో పెడితే పరుగు ఎలా ఉంటుందో మీవారు ఈపాటికి మీకు చాలాసార్లు చెప్పే ఉంటారు. స్పోర్ట్స్ కారంటే ఎర్ర రంగూ పెద్ద సౌండూ అనుకునేవాళ్లకి ఈ కిటుకు ఎక్కదు. ఇక్కడ గొప్పంతా బరువు తగ్గించడంలోనే ఉంది.

విప్పే ముందు ఆయన్ని ఒక పని చేయమనండి. ఇంజన్ స్టార్ట్ చేసి బాగా వేడెక్కేదాకా ఉంచాలి. క్లచ్ నొక్కి గేర్లన్నీ వేసి చూడాలి, లైట్లూ వైపరూ హారనూ అన్నీ పని చేస్తున్నాయో లేదో రాసుకోవాలి. ఇప్పుడు వెలగని లైటు కొత్త చాసిస్‌లోకి ఎక్కాక వెలగదు. అప్పుడు తప్పు పాత వైరుదో తను బిగించిన వైరుదో తేల్చుకోలేక రాత్రిళ్లు జాగారం చేస్తారు. వైరింగు ఎక్కడా కత్తిరించొద్దు. ప్రతి కనెక్టరుకీ రెండు వైపులా టేపు చుట్టి, ఏది దేనిదో పెన్నుతో రాశాకే ఊడదీయాలి. ఏసీ, రేడియో తాలూకు తీగలు తర్వాత తీరిగ్గా ఏరుకోవచ్చు. వెనక బ్రేకు కాలిపర్లలో హ్యాండ్‌బ్రేకు భాగం బిగుసుకుపోవడం ఈ కారుకి మామూలే. వాటిని శుభ్రం చేసే బదులు రీకండిషన్ చేసినవి కొనేయడం మేలు.

చాసిస్ సంగతి. 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. సాధారణంగా వాడేది ఇదే. బలమంతా త్రికోణాల్లో ఉంటుంది. నాలుగు గొట్టాలతో చట్రం కట్టి మూల పట్టుకు తోస్తే వంకర పోతుంది, ఐమూలగా ఐదో గొట్టం వేస్తే కదలదు. చదునైన బల్ల మీద గీత గీసి, ముక్కలన్నీ చుక్క వెల్డుతో నిలిపి, ఐమూలలు రెండూ సమానంగా వచ్చాయని కొలిచాకే పూర్తి వెల్డింగు చేయాలి. అదీ ఒకచోటే కూర్చుని కాదు, ఈ మూల కాస్త, ఆ మూల కాస్త. లేకపోతే వేడికి చట్రం అరటాకులా మెలి తిరుగుతుంది. ఇదంతా చదివాక నా సలహా వినండి: మీవారికి వెల్డింగు కొత్తయితే చాసిస్ రెడీమేడ్‌గా కొనిపించండి. సరదా తీరాలంటే గ్యారేజీలో ఒక బల్ల చేసుకోమనండి. సస్పెన్షన్ పట్టుకుని ఉండే జాయింటు మీద నేర్చుకోవడం నాకు నచ్చదు, అందులో పక్క సీట్లో కూర్చునేది మీరు.

రోడ్డు సంగతి అడిగారు. ఐవీఏ అనే పరీక్ష పాసవ్వాలి, ఇలా విడిగా కట్టిన బండిని ఒక్కొక్కదాన్నీ చూసి అనుమతించే పరీక్ష అది. బండి కట్టేవాళ్లు మొదటిరోజు నుంచీ దానికోసమే కట్టాలి గానీ, బండంతా అయ్యాక ఆ నిబంధనలు తెరిస్తే సగం విప్పాల్సి వస్తుంది. ఇంజన్ గురించి అంతగా అడగరు. మనిషికి తగిలే చోట అంచులు గుండ్రంగా ఉండాలంటారు, కనీసం 2.5 మిల్లీమీటర్ల వంపు. సెవెన్‌లో సస్పెన్షన్ బయటికే కనిపిస్తుంది కాబట్టి ప్రతి నట్టుకీ ప్లాస్టిక్ టోపీ, ప్రతి రేకు అంచుకీ రబ్బరు అంచుపట్టీ తొడుగుతారు. గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలకన్నా ముందు చక్రాలే పట్టేయాలి. మలుపులో స్టీరింగ్ వదిలితే దానంతటది మధ్యకి రావాలి. ఇంత తేలిక బళ్లు ఎక్కువగా తంటాలు పడేది ఈ చివరిదాని దగ్గరే, ముందు చక్రాల కోణాలు సరిచేసుకోవాలి. పరీక్ష అయ్యాక డీవీఎల్‌ఏ (అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ) నంబరు ఇస్తుంది. ఏ భాగం ఎక్కడిదో రుజువు చూపలేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు వస్తుంది. కాబట్టి పాత కారు లాగ్‌బుక్కూ రసీదులూ మీ దగ్గరే భద్రంగా ఉంచండి. మీవారి దగ్గర వద్దు.

ఇంకొకటి. పాత కారూ కొత్త చాసిస్సూ ఒకే గ్యారేజీలో పట్టవు. ముందు విప్పడం, బాడీని పంపేయడం, తర్వాతే చాసిస్. మీ ఫ్రీజరూ బియ్యం బస్తాలూ ఎక్కడికి వెళ్తాయో ఇప్పుడే మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను డిప్లొమా ఆటోమొబైల్ చదువుతున్నాను. నాన్నగారి పాత మారుతి 800 ఉంది. ఆటోనగర్‌లో తెలిసినవాళ్లున్నారు. ఇలాంటి కారు కట్టి ఏపీ నంబరుతో తిప్పొచ్చా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: తిప్పకూడదు నాయనా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. పోనీ ఇది కొత్త బండి అంటావా, నమూనాని పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో పరీక్ష చేయించాలి. అది కంపెనీలు భరించే ఖర్చు.

కట్టుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు, సొంత స్థలంలో నడుపుకో. 800లో 796 సీసీ ఇంజన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలు తిప్పుతుంది. సెవెన్‌లా ముందు పెట్టాలని చూడకు. ఇంజన్, గేర్‌బాక్సు, యాక్సిళ్లు కలిపి మొత్తం సెట్టు తెచ్చి సీటు వెనక పెట్టు. ఫార్ములా మారుతి రేసు కార్లలో ఈ ఇంజన్ డ్రైవరు వీపు వెనకే ఉండేది. ఫార్ములా వన్ దాకా వెళ్లిన నారాయణ్ కార్తికేయన్ మొదలుపెట్టింది అందులోనే. నీకు తలనొప్పి గేరు రాడ్డు దగ్గర వస్తుంది, అంత దూరం కేబుళ్లతో లాగాలి. కార్బురేటర్ మోడలైతే వైరింగు సగం తగ్గుతుంది. కోశాక ఆర్‌సీ రద్దు చేయించు, సెక్షన్ 55 కింద 14 రోజుల్లో తెలపాలి. ఇంతకన్నా మంచి దారి, నలుగురు స్నేహితుల్ని పోగేసి ఇంజినీరింగ్‌లో చేరాక బాహా ఎస్‌ఏఈ ఇండియా అనే విద్యార్థుల మట్టిదారి బళ్ల పోటీకి బండి కట్టడం. ఆ పోటీ జరిగే మధ్యప్రదేశ్ పీతంపూర్ మట్టిలో దొర్లితే ఎక్కువ నేర్చుకుంటావు.

ప్రశ్న: మా తాతగారి 1970 ఫియట్ షెడ్డులో ఉంది. వెనక చక్రాల బండే కదా, డోనర్‌గా, అంటే విప్పి సామాను వాడుకునే బండిగా, పనికొస్తుందా?
– సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: పనికొస్తుంది, కానీ కోయకండి. 50 ఏళ్లు దాటిన బళ్లకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా ఉన్నవాటికే అది వస్తుంది.