ఎంత కట్టినా ఇంటి రుణం బకాయి తగ్గడం లేదా?

ప్రశ్న: మాది నల్లగొండ. 2021లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ నుంచి 18 లక్షల రూపాయల గృహ రుణం తీసుకున్నాం. నెల వాయిదా 18,600. మా వారిది బోరు మోటార్ల వైండింగ్ షాపు. నేను ప్రైవేటు బడిలో టీచర్‌ని. ఫిబ్రవరి ఆఖరులో ఆయన బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. షాపు మూతపడి మార్చి, ఏప్రిల్ వాయిదాలు కట్టలేకపోయాం. వాయిదా తేదీ నెల 5, నా జీతం పడేది పదో తేదీకి. అందుకే మే నుంచి సెప్టెంబరు వరకు ప్రతి నెలా 12న వాయిదాతో పాటు మరో 6,000 కడుతూ వచ్చాం. బ్రాంచిలో నోటిమాటగా దానికి ఒప్పుకున్నారు. మా లెక్కలో ఇక 7,200 మిగలాలి. యాప్‌లో మాత్రం 21,650 చూపిస్తోంది. అడిగితే ఛార్జీలంటున్నారు. లాయరు నోటీసు కూడా పంపారు. బంగారం కుదువపెట్టి మొత్తం కట్టేయమని మా అన్నయ్య అంటున్నాడు. ఛార్జీలు తీసేసేదాకా వాయిదాలే ఆపేయమని మా మరిది అంటున్నాడు. ఛార్జీల పేజీ ఫొటో పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, వాయిదా మాత్రం ఒక్క నెల కూడా ఆపకండి. ఆపితే ఇప్పుడు న్యాయం మీ వైపున్న తగాదాలో తప్పు మీ వైపుకు వస్తుంది. అలాగని అడిగినదంతా కట్టేయాల్సిన అవసరమూ లేదు. రెండు నెలలు ఆదాయం లేక వెనకబడి, ఐదు నెలలుగా ఒక్కసారి కూడా మాట తప్పకుండా కట్టిన కుటుంబం మీది. ఆ కష్టార్జితం ఎటు పోయిందో రూపాయితో సహా తెలుసుకునే హక్కు మీకుంది.

మీరు పంపిన పేజీలో తేడా 14,450 నాలుగు పద్దులుగా ఉంది. ఖాతాలో డబ్బు లేక వాయిదా వెనక్కి పోయినందుకు ఆటో డెబిట్ బౌన్స్ ఛార్జీలు తొమ్మిది సార్లు, జీఎస్టీతో కలిపి ఒక్కోటి 590 చొప్పున 5,310. పీనల్ ఛార్జీలు, అంటే వాయిదా ఆలస్యానికి వేసే జరిమానా, 4,000, దానిపై జీఎస్టీ 720, మొత్తం 4,720. ఇంటికి మనిషిని పంపినందుకు మూడు సార్లు 590 చొప్పున 1,770. లాయరు నోటీసుకు 2,650. వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కొన్ని మీరు కట్టాల్సినవే, కొన్ని అడిగి తేల్చుకోవాల్సినవి.

మొదట పీనల్ ఛార్జీలు. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశాలు హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకూ వర్తిస్తాయి. పాత రుణాలను కూడా 2024 జూన్ 30లోగా ఆ పద్ధతిలోకి మార్చాలని గడువు పెట్టారు కాబట్టి మీ 2021 రుణం దాని కిందికే వస్తుంది. వాయిదా ఆలస్యమైతే వడ్డీ రేటు పెంచి వసూలు చేయకూడదు, విడిగా ఛార్జీగానే వేయాలి. ఆ ఛార్జీని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ లెక్కగట్టకూడదు. కట్టకుండా ఆగిన మొత్తం మీదే వేయాలి తప్ప రుణం మొత్తం మీద కాదు. వాయిదా గుర్తుచేస్తూ పంపే ప్రతి నోటీసులోనూ ఎంత ఛార్జీ పడుతుందో చెప్పాలి. మీ ఒప్పందంలో రేటు ఏడాదికి 24 శాతం, అంటే మన వాడుకలో నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ రేటుతోనే లెక్క వేశాను. మార్చిలో ఆగింది 18,600, ఏప్రిల్ నాటికి 37,200, మే నుంచి నెలకు ఆరు వేలు తగ్గుతూ 31,200, 25,200, 19,200, 13,200, చివరికి 7,200. వీటిపై నెలకు రెండు శాతం కలిపితే సుమారు 3,036 వస్తుంది. వాళ్లు వేసింది 4,000. ఈ 964 ఎక్కడ పెరిగిందన్నదే మీ సమస్యకు మూలం.

మీరు ప్రతి నెలా 24,600 కట్టారు. మీ ఉద్దేశంలో అందులో 18,600 ఆ నెల వాయిదాకు, 6,000 పాత బకాయికి. వాళ్ల సాఫ్ట్‌వేర్ ముందు ఛార్జీలు కోసుకుని, మిగిలినది వాయిదాలకు జమ చేసింది. అందువల్ల వాయిదాల బకాయి మీరనుకున్నంత తగ్గలేదు. తగ్గని బకాయి మీద మరో నెల పీనల్ పడింది, దాన్ని కూడా తర్వాతి నెల డబ్బులోంచే తీసుకున్నారు. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు మీ ఆరు వేలు అలా కారిపోయాయి.

దీని దెబ్బ డబ్బుతో ఆగదు. సెప్టెంబరు 12న మీరు కట్టిన తర్వాత నిజంగా 7,200 మాత్రమే మిగిలితే, అది సెప్టెంబరు 5 నాటి వాయిదాలో కొంత భాగం. అంటే మీ ఆలస్యం ఏడు రోజులు. వాళ్ల లెక్క ప్రకారం 21,650 మిగిలితే సెప్టెంబరు వాయిదా మొత్తం పోను ఆగస్టు 5 నాటి వాయిదాలో కూడా 3,050 ఆగినట్టు. అప్పుడు ఆలస్యం 38 రోజులు. ఖాతా మొండిబాకీ కాకముందే ఆలస్యాన్ని బట్టి సంస్థలు దాన్ని హెచ్చరిక మెట్లలో పెడతాయి. ముప్పై రోజుల లోపు ఆలస్యాన్ని ఎస్‌ఎంఏ-0 అంటారు, 31 నుంచి 60 రోజులైతే ఎస్‌ఎంఏ-1. అదే కుటుంబం, కట్టిన డబ్బూ అదే, కానీ జమ చేసిన క్రమం వల్ల ఒక మెట్టు కిందికి దిగారు. క్రెడిట్ రిపోర్టులో కనిపించేది ఈ రోజుల సంఖ్యే.

ఇదే 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది. 2021 నవంబరు నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక కొంత కట్టి బయటపడలేరు. అసలు, వడ్డీ బకాయిలు పూర్తిగా తీరితేనే ఖాతా మళ్లీ మామూలవుతుంది. అందుకే మీలాంటి వారికి నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను: చేతిలో ఉన్న రూపాయి ముందు వాయిదాకు వెళ్లాలి, ఛార్జీల సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. అయితే జమ చేసే క్రమాన్ని సంస్థ ఇష్టానికి వదిలేసే నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మీ ఒప్పందంలో ఏముందో చదవండి. అలా ఉన్నా అడగడానికి అడ్డేమీ లేదు. ఐదు నెలలు క్రమం తప్పకుండా కట్టినవారు రాసి అడిగితే పరిశీలించక తప్పదు. నోటిమాటకు మాత్రం విలువ లేదు. బ్రాంచిలో మీతో మాట్లాడిన ఉద్యోగి రేపు బదిలీ అయితే ఆ ఒప్పందం ఆయనతోనే పోతుంది.

ఇక జీఎస్టీ. రుణ షరతులు పాటించనందుకు బ్యాంకులు, ఆర్థిక సంస్థలు వేసే పీనల్ ఛార్జీలపై జీఎస్టీ లేదని 2025 జనవరి 28న కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. కాబట్టి 720 వెనక్కి ఇవ్వమని అడగండి. చెక్కు బౌన్స్ అయినందుకు వేసే జరిమానాపైనా పన్ను లేదని 2022 ఆగస్టులో వచ్చిన సర్క్యులర్ చెబుతోంది. మీ బౌన్స్ ఛార్జీల్లో ఒక్కోదానికి 90 చొప్పున వేసిన 810 ఏ లెక్కన వేశారో కూడా రాతపూర్వకంగా అడగండి.

తొమ్మిది బౌన్సుల్లో మార్చి, ఏప్రిల్‌లో రెండేసి సార్లు పడ్డాయి. డబ్బు లేదని తెలిశాక అదే నెలలో మళ్లీ ఆటో డెబిట్‌కు పంపడం నాకు సబబుగా అనిపించలేదు. ఆ రెండో సారివి మాఫీ చేయమని అడగండి. మిగతా ఐదూ మాత్రం ఇంకో కథ. మీ జీతం పదో తేదీకి పడుతోంది, ఆటో డెబిట్ ఐదో తేదీన వస్తోంది. ప్రతి నెలా ఐదున బౌన్స్, పన్నెండున మీరు ఫోనులో కట్టడం. మీరు డబ్బు ఇస్తూనే జరిమానా కూడా కడుతున్నారు. పైగా మీ పొదుపు ఖాతా ఉన్న బ్యాంకు కూడా ప్రతి బౌన్సుకూ తన రిటర్న్ ఛార్జీ తీసుకుని ఉంటుంది. అది రుణ సంస్థ యాప్‌లో కనబడదు, పాస్‌బుక్కులో చూడండి. వాయిదా తేదీని నెల 12కో 15కో మార్చమని వెంటనే దరఖాస్తు పెట్టండి. మధ్యలో ఆ కొన్ని రోజులకు వడ్డీ పడుతుంది, అయినా నెలనెలా బౌన్సు కంటే అది నయం. తేదీ మారేలోపు నాలుగో తేదీ సాయంత్రానికి ఖాతాలో 18,600 ఉండేలా అన్నయ్యనో మరిదినో ఒక్క వారం చేబదులు అడగండి. వారిద్దరి సలహాల కంటే ఆ సాయం మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఇంటికి మనిషిని పంపినందుకు వేసిన 1,770, లాయరు నోటీసుకు వేసిన 2,650 గురించి అడగాల్సింది ఒక్కటే: మీరు సంతకం చేసిన కాగితాల్లో ఈ ఛార్జీలు ఉన్నాయా? మంజూరు పత్రంతో పాటు ముఖ్య షరతుల పత్రం ఇచ్చి ఉంటారు, ఛార్జీల పట్టిక అందులోనే ఉంటుంది. పట్టికలో ఉండి, మనిషి వచ్చిన తేదీలు, లాయరు బిల్లు చూపిస్తే కట్టాలి. చూపించలేకపోతే తీసేయమనండి. ఇంటికి వచ్చినా ఫోను చేసినా ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం వేధించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. వచ్చిన మనిషి చేతికి నగదు ఇవ్వకండి, ఆయన సొంత ఫోను నంబరుకు పంపకండి.

లాయరు నోటీసు చూసి ఇల్లు పోతుందని భయపడుతున్నారేమో. ఆ కాగితంలో సర్ఫేసీ చట్టం, సెక్షన్ 13(2) అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. 2002 నాటి ఆ చట్టం కింద ఇల్లు స్వాధీనం చేసుకోవాలంటే ముందు ఖాతా ఎన్‌పీఏ కావాలి. ఆ తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. మీరు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. మీ మార్చి 5 నాటి వాయిదా మే 12న జమైంది, అంటే 68 రోజులు. ఆ తర్వాత ఏ వాయిదా కూడా 90 రోజులు దాటలేదు. కాబట్టి మీకు వచ్చింది చాలావరకు బకాయి కట్టమని గుర్తుచేసే మామూలు నోటీసే అయి ఉండాలి. ఒకవేళ 13(2) అని ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా నల్లగొండ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోను నంబరు 15100.

మొత్తం మీద లెక్క ఇలా తేలుతోంది. బౌన్సులకు జీఎస్టీ లేకుండా 4,500, పీనల్ 3,036, కలిపి 7,536 వరకు మీరు కట్టాల్సినవిగానే భావించండి, మాఫీ దొరికితే మంచిదే. మిగతా 6,914కు వాళ్లు ఆధారం చూపాలి. వాయిదాల బకాయి 7,200తో కలిపితే మీరు సిద్ధం చేసుకోవాల్సింది 14,736, యాప్ చెప్పే 21,650 కాదు. బంగారం కుదువపెట్టే మాటకొస్తే, రెండు రూపాయల పీనల్ కంటే బ్యాంకులో బంగారు రుణం చౌక. ఒక చిన్న వస్తువు పెట్టి ఆ 7,200 ఈ నెలలోనే కట్టేయడం తెలివైన పని. తగాదాలో ఉన్న ఛార్జీల కోసం మాత్రం నగలు బయటికి తీయకండి. ప్రైవేటు ఫైనాన్సులో నూటికి మూడు రూపాయలకు తెచ్చి కట్టడం అసలే వద్దు.

బ్రాంచికి ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు. ‘నా రుణ ఖాతా నంబరు ఫలానా. మే నుంచి నేను కట్టిన ప్రతి మొత్తాన్ని ఏ తేదీన దేనికి జమ చేశారో పూర్తి స్టేట్‌మెంట్ ఇవ్వండి. ఆ సొమ్మును ముందు వాయిదాలకు, తర్వాత ఛార్జీలకు జమ అయ్యేలా అవే తేదీలతో సరిచేయండి. పీనల్ ఛార్జీలపై వేసిన జీఎస్టీ వాపసు చేయండి. ఇంటి సందర్శన, లాయరు ఛార్జీలకు ఆధారాలు ఇవ్వండి. ఇకపై నేను కట్టేది వాయిదా బకాయికే జమ చేయండి’ అని రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపండి. అదే ఉత్తరాన్ని సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిలు కూడా చేయండి. యాప్‌లో వాయిదా, ఛార్జీలు విడివిడిగా కట్టే వీలుంటే వాయిదానే ఎంచుకోండి. మొత్తం కట్టకపోతే డబ్బు తీసుకోబోమని ఎవరైనా పట్టుబడితే, ‘ఛార్జీలపై నా అభ్యంతరం కొనసాగుతోంది’ అని ఈమెయిలు పంపి ఆ తర్వాతే కట్టండి.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా మీరు వెళ్లాల్సింది నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థల మీద ఫిర్యాదులు అక్కడి గ్రిడ్స్ వెబ్‌సైటులో ఇవ్వాలి. ఇలాంటి చిక్కే బ్యాంకు రుణంలో వచ్చినవారైతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలి, వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు.

ఇంకొక్క విషయం. మీ వారి షాపుకు యాసంగిలోనే అసలు గిరాకీ. వరికి నీళ్లు పారించే రోజుల్లో మోటార్లు కాలిపోతాయి, చేతికి డబ్బు వస్తుంది. ఈసారి ఆ నెలల్లో వచ్చేదానిలోంచి రెండు వాయిదాల మొత్తం, 37,200, ఈ రుణంతో సంబంధం లేని వేరే ఖాతాలో వేసి ఉంచండి. ఆటో డెబిట్ ఖాతాలోనే వదిలేస్తే ఛార్జీలకు కోసుకునే ప్రమాదం ఉంది.