సోవియట్ యూనియన్ కూలాక ఎస్టోనియాను ప్రధాని మార్ట్ లార్ ఎలా గట్టెక్కించారు?

లార్ చరిత్రకారుడు. 1992 అక్టోబరులో ప్రధాని అయ్యేనాటికి ఆయన వయసు 32. ఆ ఏడాది ధరలు పది రెట్లకు మించి పెరిగాయి.

అయితే అసలు పునాది ఆయన రాకముందే పడింది. జూన్ 20న రూబుల్‌ను వదిలేసి సొంత కరెన్సీ క్రూన్ తెచ్చుకున్నారు. మనిషికి 1,500 రూబుళ్లు మాత్రమే, పదికి ఒకటి లెక్కన మార్చారు. అంటే చేతికొచ్చింది 150 క్రూన్లు! ఒక జర్మన్ మార్కుకు 8 క్రూన్లని ఖాయం చేసి, బంగారం, విదేశీ నిల్వలు ఎంత ఉంటే అంతకే నోట్లు వదిలారు. ఖజానా ఖాళీ అయితే నోట్లు అచ్చేసుకునే దారి మూసుకుపోయింది. నన్నడిగితే ఎస్టోనియా నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

లార్ ఆ కట్టుబాటు సడలనివ్వలేదు. ఆయన వచ్చిన కొద్ది వారాలకే బ్యాంకులు కుదేలయ్యాయి. టార్టు కమర్షియల్ బ్యాంకును ఆదుకోకుండా మూసేశారు. దిగుమతి సుంకాలు దాదాపు ఎత్తేశారు. 1994 జనవరి నుంచి అందరికీ ఒకే రేటు, 26 శాతం ఆదాయపు పన్ను.

దీనికి మూల్యం పేదలే ఎక్కువ చెల్లించారు. పింఛన్ల మీద బతికే వృద్ధులు నలిగిపోయారు. పౌరసత్వం 1940లో సోవియట్ ఆక్రమణకు ముందున్న పౌరులకు, వారి సంతతికే నేరుగా దక్కడంతో లక్షలాది రష్యన్ భాషీయులు ఏ దేశానికీ చెందనివాళ్లుగా మిగిలారు. దాన్ని నేను సమర్థించలేను.

1994 ఆగస్టు 31కల్లా రష్యా సైన్యం వెళ్లిపోయింది. వెనక్కి తీసుకున్న రూబుళ్లను రష్యా నుంచి విడిపోతామంటున్న చెచెన్యాకు రహస్యంగా అమ్మారని బయటపడటంతో, మరుసటి నెలలోనే పార్లమెంటు అవిశ్వాసంతో లార్‌ను దించేసింది. 1999లో ఆయన మళ్లీ ప్రధాని అయ్యారు.