‘నిన్నువలె నీ పొరుగువాణ్ని ప్రేమించు’ అనే మాటను క్రైస్తవులు రోజువారీ బతుకులో ఎలా పాటిస్తారు?

చర్చికి వెళ్లడం, ప్రార్థన చేసుకోవడం కాక ఇంకేమైనా ఉందా అని కూడా అడిగారు. ఉంది. పెట్రోలు ఖర్చు ఉంది.

వేళాకోళం కాదు. నేను హనుమకొండలో పుట్టి పెరిగిన బాప్టిస్టు సంఘపు క్రైస్తవుణ్ని. ‘నా పొరుగువాడు ఎవడు’ అని అడిగితే యేసు చెప్పిన మంచి సమరయుడి కథ సండే స్కూల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒక ఏడాది క్రిస్మస్ నాటకంలో గాడిద వేషం కూడా వేశాను. (తెలుగు బైబిల్లో ‘వాహనము’ అనే ఉంటుంది. గాడిదను మా టీచరమ్మ చేర్చింది.) యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు (గుడి పూజారి) చూసి పక్కనుంచి పోతాడు, గుడి సేవకుడైన లేవీయుడూ పోతాడు. యూదులకు గిట్టని సమరయ జాతివాడు ఆగుతాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కడతాడు. మా ప్రసంగాలు చాలావరకు అక్కడే ముగుస్తాయి. తర్వాతి వాక్యం ఎవరికీ పట్టదు. మర్నాడు ఆయన రెండు దేనారాలు తీసి పూటకూళ్లవాడికిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే నేను తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానంటాడు. దేనారం అంటే అప్పట్లో ఒక రోజు కూలి. రెండు రోజుల కూలి పోయింది, పైగా మళ్లీ వస్తానని మాటిచ్చాడు. నా జవాబు ఆ ‘తిరిగి వచ్చేటప్పుడు’ దగ్గరే ఉంది. మొదటి రోజు సాయం ఎవడైనా చేస్తాడు.

మా గల్లీలో ఒక ముసలాయన ఉండేవాడు. నేను ‘కాక’ అని పిలిచేవాణ్ని. వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు (దరీలు) నేసిన మనిషి. మోకాళ్లు పోయాక మగ్గం అమ్మేసి, మా వైపు రెండు గదుల ఇంట్లో కిరాయికి దిగారు ఆయనా, చిన్నమ్మా. కొడుకు సూరత్‌లో పవర్‌లూమ్స్ మీద పని. కొత్తవాడ ఇళ్లలో ఇది మామూలే. తండ్రి నేసిన దానికి గిట్టుబాటు లేక కొడుకులు సూరత్‌కో భివండీకో పోతారు. వరంగల్ దరీలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని పేపర్లో వేస్తే నేను చదివి వినిపించాను. కాక “అయితే రేటు పెరుగుతదా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2022 దసరా తర్వాత ఆయన కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నాయి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి మిషన్ ఖర్చు లేదు. కానీ మిషన్ దాకా మనిషిని చేర్చేది ఏ కార్డూ కాదు. ఉదయం ఏడుకు బెడ్డు, నాలుగు గంటలు మిషన్ మీద, దిగాక కళ్లు తిరుగుతాయి, బస్సెక్కలేడు. వారానికి ఆరుసార్లు ఆటోకు ఎక్కడి నుంచి తెస్తారు? శనివారం ఆయన మేనల్లుడి కొడుకు వస్తానన్నాడు. మంగళ, గురువారాలు నేను తీసుకున్నాను. నాది కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ దగ్గర జిరాక్స్ షాపు, పదింటి దాకా పెద్ద గిరాకీ ఉండదు. పొద్దున దింపి రావడం, పదకొండున్నరకు వెళ్లి తేవడం. ఇంతే నా సేవ. ఇందులో గొప్పేం లేదు. మూడో వారానికే విసుగొచ్చింది, అబద్ధం ఎందుకు.

చాలామంది చెప్పనిది ఈ విసుగు సంగతే. జబ్బు కొత్తలో గల్లీ అంతా వచ్చింది. మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు కూడా వచ్చారు, నాలుగు కొబ్బరి బోండాలు, రెండు డజన్ల అరటిపండ్లు పట్టుకుని. డయాలసిస్ మనిషికి ఆ రెండూ విషంతో సమానం. వాటిలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు, ముదిరితే గుండె ఆగిపోతుంది. నేను బోండాలన్నీ మోసుకొచ్చి మా ఇంట్లో పెడితే, ఆ అక్కల్లో ఒకామె నేనే తాగేశానని నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ప్రేమించడానికి ముందు ఆ మనిషి ఏం తినకూడదో కనుక్కోవాలి. మంచినీళ్లు కూడా ఆయనకు కొలతే. రోజుకు ఒక్క లీటరు సీసా, అందులోనే చాయ్ కూడా.

ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. మాలో కష్టం వినగానే “ప్రార్థనలో పెట్టుకుంటాం బ్రదర్” అనడం అలవాటు. ప్రార్థన వద్దని నేననను, నేనూ చేస్తాను. కానీ చాలాసార్లు ఆ మాట ఫోన్ పెట్టేయడానికి పనికొస్తోంది. బైబిల్లోని యాకోబు పత్రికలో ఈ సంగతి మొహం మీదే ఉంది: తిండీ బట్టా లేని వాళ్లకు ఏమీ ఇవ్వకుండా, సమాధానంగా (అంటే శాంతిగా) వెళ్లండి, చలి కాచుకోండి, తృప్తిపడండి అని పంపిస్తే ఏం ప్రయోజనం అని. ఆ వాక్యం గోడ మీద రాయించిన ఫ్లెక్సీ నేను ఇంతవరకు చూడలేదు. ఆశీర్వాదాల ఫ్లెక్సీలు మాత్రం కరెంటు స్తంభానికొకటి.

పాతవాళ్లు ఇలా లేరు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెట్టింది. డబ్బు సాయం చేసిన వాళ్లలో పెద్దచేయి రాజా నర్సాగౌడ్ గారిది, ఆయన హిందువు. అప్పటికి ఇప్పటి మందులు లేవు. చాల్మోగ్రా అనే చెట్టు గింజల నూనెను ఇంజెక్షన్‌గా ఎక్కించేవారు, ఆ నొప్పి మామూలుది కాదు. ఒకసారితో అయ్యేదీ కాదు, నెలల తరబడి మళ్లీ మళ్లీ ఇవ్వాలి. ఆమె 1932లో పోయేదాకా అదే పనిలో ఉంది. అన్నిసార్లు అదే రోగి, అదే సూది, అదే ఏడుపు. నాకు ఆమె గొప్పతనం ఆసుపత్రి కట్టడంలో కన్నా అందులో కనిపిస్తుంది. నాకైతే మూడో వారానికే విసుగు!

మతం మార్చడానికి తిప్పుతున్నావా అని కూడా అడిగారు కొందరు. కాక దగ్గర నేను ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఆయనే సంక్రాంతికి “కొడుకా, ఐనవోలు మల్లన్న కాడికి తీస్కపోతవా, మళ్ల ఏడాది ఉంటనో ఉండనో” అన్నాడు. నిజం చెప్పాలంటే గింజుకున్నాను. జాతరకు నేను పోవడమేంటి, ఎవరైనా చూస్తే? రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి తీసుకెళ్లాను. ఆయన బండారి (మల్లన్న పసుపు) పెట్టుకుని వచ్చేదాకా నేను బండి దగ్గర నిలబడి బఠాణీలు తిన్నాను. ఆదివారం ఒక పెద్దమనిషి “గుడికి పోయినవటగద” అన్నాడు. “గుడికి నేను పోలే, కాక పోయిండు, నేను బండి నడిపిన” అన్నాను. ఆయనకు నచ్చలేదు. నాకూ పూర్తిగా సమాధానం దొరకలేదు కానీ, మళ్లీ అడిగినా తీసుకెళ్తాను.

వచ్చేటప్పుడు దారిలో ఆపి ఎడమ చెయ్యి నా ముందు పెట్టాడు. డయాలసిస్ కోసం ఆ చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేస్తారు, వేలు పెడితే లోపల గుయ్యిమని అదురు తెలుస్తుంది. “పట్టి సూడు. మగ్గం ఆడినట్టు లేదూ?” అన్నాడు. అప్పటికి మూడు నెలలుగా తిప్పుతున్నాను, ఆ చెయ్యి ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇప్పుడు నా పరువు తీసే సంగతి. 2023 జూలై 27, గురువారం. వరంగల్ వాళ్లకు ఆ తేదీ చెప్తే చాలు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడిన రోజు, మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కిన రోజు. ఇక్కడ నయీంనగర్ నాలా రోడ్డు మీదికి వచ్చేసింది. తెల్లారి నాలుగున్నరకు పక్క షాపాయన ఫోన్ చేశాడు, నీళ్లు షట్టర్ కిందనుంచి వస్తున్నాయని. పరుగెత్తాను. రెండు జిరాక్స్ మిషన్లు, ఇంకా కిస్తీలు తీరలేదు. నేనూ మా అబ్బాయీ కలిసి ఒకదాన్ని టేబుళ్ల మీదికి ఎత్తాం, రెండోది ఎత్తలేక నడుము పట్టేసింది. కాగితాల కట్టలు తడిసి ఉబ్బిపోతున్నాయి. ఫోన్ ఎక్కడో నీళ్లలో పడింది. ఆ రోజు గురువారమని నాకు సాయంత్రం నాలుగింటికి గుర్తొచ్చింది.

గుర్తు రాగానే కాళ్లు వణికాయి. మంగళవారం చేయించుకున్న మనిషి గురువారం తప్పితే మళ్లీ శనివారమే, నాలుగు రోజులు. ఒంట్లో చేరిన నీళ్లు పోయే దారి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి చేరితే కూర్చున్న చోటే ఆయాసం. ఇంటికి పోతే తాళం. పక్కింటి పిల్ల చెప్పింది: తాత అయిదున్నర నుంచి చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడని, పది దాటాక గల్లీ చివర కట్టే ఇంటికి ఇసుక తోలే ట్రాక్టరబ్బాయి ఆయనను ట్రాలీలో ఎక్కించుకుపోయాడని.

వాన తెరిపి ఇచ్చాక నడుస్తూ, మధ్యలో ఎవరి బండో ఎక్కుతూ, చుట్టు తిరిగి డయాలసిస్ సెంటర్‌కు చేరేసరికి ఏడు దాటింది. కాక మిషన్ మీద ఉన్నాడు. నీళ్లు దాటలేక ఎక్కడెక్కడో తిరిగి మధ్యాహ్నం రెండింటికి చేరారట. అక్కడి సిస్టర్లు తిట్టకుండా, ఖాళీ అవగానే ఎక్కించారు, వాళ్లకు దండం పెట్టాలి. చిన్నమ్మ కుర్చీలో ముడుచుకుని ఉంది, ఒంటి మీద యూరియా సంచి. బయట వరండాలో ఆ ట్రాక్టరబ్బాయి బెంచీ మీద పడి నిద్రపోతున్నాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ట్రాక్టర్ ముందు అద్దానికి సమ్మక్క సారలమ్మ ఫొటో. నేను రోజూ అతని ట్రాక్టర్ మా గల్లీలో రోడ్డు పాడు చేస్తోందని తిట్టుకునేవాణ్ని, ఒకసారి మొహం మీదే అన్నాను కూడా.

లేపి, “తమ్మీ, నువ్వు పో, నేను చూసుకుంటా” అన్నాను.

“నీ బండేది అన్నా?”

బండి లేదు. షాపు ముందు మునిగి ఉంది.

“పొద్దుటి సంది ఇక్కడే ఉన్నావా? ఎందుకున్నవ్?”

నేనేదో తిక్క ప్రశ్న అడిగినట్టు చూశాడు. “తీస్కొచ్చినోడు తీస్కపోవద్దా?” అన్నాడు.

రాత్రి తొమ్మిదిన్నరకు నలుగురం అదే ట్రాలీలో వెనక్కి వచ్చాం. నేనూ ఇసుక మీద గోనె పరుచుకుని కూర్చున్నాను. కాక నన్ను ఒక్క మాట అనలేదు. “మిషన్లు దక్కినయా?” అని అడిగాడు. ఒకటి దక్కింది కాకా అన్నాను.

మీరడిగిన ప్రశ్నకు ఇది జవాబో కాదో నాకు తెలియదు. ఆ కథ విన్నప్పుడల్లా నన్ను నేను సమరయుడి పాత్రలో చూసుకునేవాణ్ని. ఆ రాత్రి తర్వాత యాజకుడు ఎందుకు తప్పుకుపోయాడో కాస్త అర్థమవుతుంది. బహుశా ఆయనకూ ఎక్కడో ఒక జిరాక్స్ మిషన్ మునుగుతూ ఉండొచ్చు.

కాక 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వారంలో పోయాడు. సూరత్ నుంచి కొడుకు వచ్చాడు. దినాలయ్యాక ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. నేతవాళ్లు రోజుకెన్ని గజాలు నేశారో రాసుకునే అలవాటు కదా, కాక అలాగే ప్రతి ట్రిప్పూ రాశాడు. తేదీ, ఎవరు తెచ్చారు, పక్కన నలభై రూపాయలు, ‘బాకీ’. నా పేరు మీద 127 ఉన్నాయి. జూలై 27 దగ్గర ‘టాక్టరు పిలగాడు’ అని రాసి, నలభైకి బదులు అయిదు వందలు వేసుకున్నాడు. నా బాకీ నేను తీసుకోలేదు, దాని మీద కాసేపు గొడవ కూడా అయింది. ఆ అయిదు వందలు మాత్రం ట్రాక్టరబ్బాయికి ఇవ్వమని నా చేతిలో పెట్టి కొడుకు సూరత్ వెళ్లిపోయాడు.

ఆ ట్రాక్టరబ్బాయి అప్పటికింకా మేడారం నుంచి రాలేదు, జాతరకు ట్రాలీ నిండా జనాన్ని తోలుకుపోయాడట. పది రోజుల తర్వాత కనిపిస్తే సంగతి చెప్పి నోటు ఇచ్చాను. వద్దంటాడనుకున్నాను. తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూసుకుని జేబులో పెట్టుకుని, “ఆ దినం డీజిల్ నాలుగు వందల ఎనభై అయింది అన్నా, తాత లెక్క కరెక్టే” అన్నాడు.