పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లే ముందు

చి. అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ (ఊళ్లోని జనం ఆరోగ్యం చూసే విభాగం) టీచరుగా చేరి నెల తిరక్కుండానే ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ నీకు అప్పజెప్పారన్నావు. ఫోన్‌లో నీ గొంతు విన్నాక ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది. టెన్షన్ పడకు. మా రోజుల్లోనూ ఎంబీబీఎస్ పిల్లల్ని పల్లెలకు తీసుకెళ్లేవాళ్లం గానీ, చూసిన ఇంటికి మళ్లీ వెళ్లేవాళ్లం కాదు. 2021-22 బ్యాచ్ నుంచి ఎన్‌ఎమ్‌సీ, అంటే వైద్యవిద్యను చూసే నేషనల్ మెడికల్ కమిషన్, ఈ పద్ధతి పెట్టింది. ఒక్కో విద్యార్థికి కొన్ని కుటుంబాలు ఇచ్చి, ఏళ్ల తరబడి వాళ్లింటికే పంపడం నాకు చాలా నచ్చింది.

ముందు నువ్వొక్కదానివే వెళ్లు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఊరంతా నడువు. కాలేజీ బస్సు రామాలయం దగ్గర ఆగుతుంది, పిల్లలు కనుచూపు మేరలో ఉన్న ఇళ్లే రాసుకుంటారు. ఊరి చివరి పేట మిగిలిపోతుంది. అందుకే ఏ ఇల్లు ఎవరికో నువ్వే కూర్చుని రాయి, పేట నుంచే మొదలుపెట్టు.

టైమ్ సంగతి మీ హెడ్‌తో గట్టిగా మాట్లాడు. నాట్లప్పుడు ఏడింటికే ఆడవాళ్లు చేలో ఉంటారు. పదింటికి బస్సు దిగితే కనిపించేది తాళాలూ, ముసలివాళ్లూ. వారానికో రోజు తెల్లవారుజామున బయల్దేరేలా టైమ్‌టేబుల్ మార్పించు.

ఒక తప్పు చెబుతాను, ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒకసారి ఓ ఊళ్లో ఆడవాళ్ల వేళ్లు గుచ్చి హిమోగ్లోబిన్ చూశాం. అంకెలన్నీ మా రిజిస్టర్‌లోకి వెళ్లాయి, వాళ్లకు ఒక్క చీటీ ఇవ్వలేదు. మూడు నెలల తర్వాత వెళితే ఒకామె గుమ్మంలోనే నిలబడి, "నా రక్తం తీసుకుపోయారు, ఏముందో చెప్పలేదు" అంది. ఆమెకు హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. మాకు తెలుసు, ఆమెకు తెలియదు. నువ్వు మాత్రం పరీక్ష చేసిన రోజే కాగితం మీద తెలుగులో రాసి చేతికివ్వు. 12 కన్నా తక్కువైతే, గర్భిణికి 11 కన్నా తక్కువైతే, ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా రాయి. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని పిల్లల చేతే చెప్పించు. తర్వాతిసారి వెళ్లినప్పుడు మాత్రల అట్ట తెప్పించి, ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టమను.

బీపీ చూడటం క్లాసులో వచ్చినంత తేలిగ్గా ఇంట్లో రాదు. నులక మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చున్నామెకు వీపు ఆనదు, చెయ్యి గాల్లో ఉంటుంది, పక్కింటామె కబుర్లు. అంకె పెరిగి వస్తుంది. కుర్చీ అడిగి తెచ్చుకుని, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉంచి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి చూడమను. ముందు నువ్వు చేసి చూపించు.

చెప్పులు బయట విప్పమను. మంచినీళ్లిస్తే తాగమను. పేటలో ఇచ్చిన గ్లాసు పక్కన పెట్టేసిన పిల్లలను నేను చూశాను. ఆ ఇంటివాళ్ల ముఖాలూ చూశాను. అలాంటప్పుడు ముందు నువ్వు తాగు.

పిల్లలు చేసిన పని రాసుకునే లాగ్‌బుక్ గురించి భయపడకు, అది ఎలాగూ నిండుతుంది. టీచర్లకు పాఠం చెప్పడం నేర్పే మెడికల్ ఎడ్యుకేషన్ బేసిక్ కోర్సుకు మాత్రం ఈ ఏడాదే పేరిచ్చేయి.

ఊరు తిరిగొచ్చాక ఇళ్ల లిస్టు వాట్సాప్‌లో పెట్టు, కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ