షెనిన్ బ్లాంక్ వేసే ముందు కొనేవాళ్లను చూసుకోండి

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. రెండెకరాల థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష ముదిరిపోయింది, తీసేస్తున్నాను. నంది కొండల దగ్గర వైన్ తోటలు చూసొచ్చాను. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల రకం వేయమంటున్నారు. వేయొచ్చా? రేటు రాకపోతే నేనే వైన్ చేసి అమ్ముకోవచ్చా?

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. లైసెన్స్ లేకుండా వైన్ చేసి అమ్మితే ఎక్సైజ్ కేసవుతుంది. ఆ ఆలోచన వదిలేయండి. ఈ పండు బజారులోనూ పోదు. చిన్న కాయ, పైగా లోపల గింజలు, ఎవరు తింటారు? కొనేది వైనరీ, అంటే వైన్ తయారుచేసే కంపెనీ ఒక్కటే. అందుకే ఒప్పందం కాగితం మీద చేతికొచ్చాకే గుంతలు తీయించండి.

రకం మాత్రం మంచిదే. సొంత ఊరు ఫ్రాన్స్‌లోని లువార్ లోయ. దక్షిణాఫ్రికాలో దీన్నే స్టీన్ అంటారు. నాసిక్‌లో సూలా వైన్ కంపెనీ వాళ్లు 2000లో తెచ్చిన మొదటి వైన్లలో ఇదొకటి. మన ఎండల్లో చాలా రకాలకు తీపి ఎక్కేసరికి పులుపు పడిపోతుంది. దీనికి పులుపు నిలబడుతుంది. తెల్ల వైన్‌కు అదే ప్రాణం.

చిక్కంతా గుత్తితోనే. కాయలు మరీ ఒత్తుగా ఉంటాయి. పండే వేళ వాన పడితే లోపలి కాయ చిట్లి రసం కారుతుంది. బయటికి ఏమీ కనబడదు, పుల్లటి వాసన వచ్చి ఈగలు ముసిరేసరికి గుత్తి సగం కుళ్లి ఉంటుంది. కాయల చుట్టూ ఆకులు కొంత తీసి గాలి ఆడనివ్వండి. అక్టోబరు కత్తిరింపు తర్వాత వానలుంటే బూజు తెగులు మీద కన్నేయండి.

థాంప్సన్ అలవాట్లు కొన్ని మానుకోవాలి. కాయ లావెక్కాలని జిబ్బరెల్లిక్ ఆమ్లంలో గుత్తులు ముంచకండి. తూకం కోసం కోతకు ముందు నీళ్లు దంచకండి. పాత తోట పొలమే కాబట్టి మట్టికి నులిపురుగుల పరీక్ష చేయించి, డాగ్‌రిడ్జ్ లేదా 110ఆర్ అనే వేరుమూలం రకాల మీద కట్టిన అంటుమొక్కలే తెచ్చుకోండి.

కోత ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. రసంలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 20–22 బ్రిక్స్ (తీపి కొలత) చూపితే గింజ కొరికి చూడండి. పచ్చగా, వగరుగా ఉంటే ఆగాలి. గోధుమరంగు తిరిగి పటుక్కుమంటే ఎండ ఎక్కకముందే కోసి అదే రోజు పంపాలి. వైనరీలో వెంటనే పిండి, తొక్క తీసేసి, రసాన్ని చల్లగా పులియబెడతారు. 22 బ్రిక్స్ రసం పూర్తిగా పులిస్తే సుమారు 12 శాతం ఆల్కహాల్ వస్తుంది. కొంచెం తీపి మిగలాలంటే మధ్యలోనే బాగా చల్లబరిచి ఆపేస్తారు.

ఒప్పందంలో బ్రిక్స్ ఎంత ఉండాలి, తగ్గితే రేటులో ఎంత కోత పెడతారు, తూకం ఎవరి కాటా మీద అన్నవి తప్పకుండా రాయించుకోండి.