మందు ఒక డోసు ఎక్కువ వేసుకుంటే త్వరగా తగ్గుతుందా?

జ్వరానికి ఒక మాత్ర బదులు రెండు వేసుకుంటే త్వరగా తగ్గదా, ఒక పూట మరిచిపోతే తర్వాత కలిపి వేసుకోవచ్చా అని అడిగారు. ఫార్మసిస్టుగా ఈ రెండు ప్రశ్నలూ నాకు బాగా అలవాటే.

ముందు పారాసెటమాల్ సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు ఒక విడతకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు. విడతకూ విడతకూ కనీసం 4 గంటల ఎడం ఉండాలి, రోజంతటికీ కలిపి 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. బక్కపలచటివారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం బాగా తాగేవారికి హద్దు ఇంకా తక్కువే. ఈ మందులో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థం మన ఒంట్లో కొంతే ఉంటుంది, అది అయిపోతే కాలేయ కణాలు చనిపోవడం మొదలవుతుంది. మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ఎక్కువైందని తెలిసిన వెంటనే, బాధ లేకపోయినా, ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడు ఉంది కానీ అది వేళకు పడాలి.

నేను చూసినంతలో కావాలని ఎక్కువ మింగేవారు తక్కువ. జ్వరానికి ఒకటి, జలుబుకు మరొకటి కొనుక్కుంటారు, రెండింటిలోనూ ఉండేది పారాసెటమాలే! అట్ట మీది పెద్ద పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి.

పసిపిల్లల మందుల దగ్గర నాది మరీ చాదస్తం. ఒక తండ్రి పారాసెటమాల్ చుక్కల మందు సీసా చేత్తో పట్టుకుని, "5 మిల్లీలీటర్లే కదండీ?" అని అడిగారు. ఆయన గుర్తుపెట్టుకున్నది సిరప్ కొలత. ఆ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. చేతిలో ఉన్న చుక్కల మందులోనైతే ఒక్క మిల్లీలీటరుకే 100. అంటే 5 మిల్లీలీటర్లు పోస్తే 500, పెద్దవారు వేసుకునే మాత్ర! 10 కిలోల బిడ్డకు ఒక విడతకు 150 దాటకూడదు. పిల్లలకు వయసు కన్నా బరువే లెక్క. కొలవడానికి వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చిన మూతో సిరంజో వాడండి.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ తీరు వేరు. అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కవరు మీద వారం పేరు పెద్దగా రాసి, వారి చేతే చదివించి ఇస్తాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇక మరిచిపోయిన పూట. చాలా మందులకు, గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే మాత్రం దాన్ని వదిలేసి మామూలు వేళకే వేసుకోండి, రెండూ కలిపి వద్దు. ఇన్సులిన్, మూర్ఛ మందులు, రక్తం పలుచబడే మందుల విషయంలో ఈ సూత్రం నమ్ముకోకుండా మీ డాక్టరుకు ఫోను చేసి అడగండి.